నాట్ల కాలంలో గిటారు

ఎడపల్లి దగ్గరి ఆ చిన్న చర్చిలో నాట్లు పడినన్నాళ్లూ కీర్తనలకు గిటారు తోడుండేది కాదు. అది ఎవరో పెట్టిన నియమం కాదు. అక్కడ గిటారు వాయించేది శారమ్మ. ఆమె నాట్లకు పోయే కూలి. పొద్దంతా బురదనీటిలో నానితే తీగలు నొక్కి వేళ్ల చివర కాచిన కాయలు మెత్తబడి పొరలుగా ఊడిపోతాయి. ఆ వేళ్లతో తీగ నొక్కితే చర్మం తెగుతుంది. అందుకని ఆ ఆదివారాల్లో సంఘం చప్పట్లతోనే పాడుకునేది.

గిటారు ఆమె తండ్రి హనోకుది. చెరుకు నరికి నరికి గట్టిపడిన చేతులు ఆయనవి. మైకు లేని రోజుల్లో జనం గొంతులను దాటి వినబడాలని లావు తీగలు కట్టాడు. ఆడవాళ్లు హెచ్చు శ్రుతిలో పాడతారని వాటిని ఇంకా బిగించాడు. గిటారు మెడకు కేపో అనే పట్టీ తొడిగితే తీగలు బిగించకుండానే శ్రుతి పెరుగుతుంది. దాన్ని ఆయన చేతకానివాళ్ల ఊతకర్రగా చూశాడు. కాలక్రమాన చెరుకు తగ్గి ఆ పొలాలు వరికి మారాయి. కూతురివి నీటిలో నానే చేతులయ్యాయి. తీగలు తెగినప్పుడల్లా ఆమె మాత్రం తండ్రి కట్టిన లావువే కడుతూ వచ్చింది.

ఆరాధనలో కొంత బాధ ఉండాలన్నది శారమ్మ నమ్మకం. దాన్ని తేలికగా కొట్టివేయలేము. కష్టపడి నేర్చినదే మనిషిలో నిలుస్తుంది. అయితే ఆ కష్టం ఎక్కడినుంచి వస్తున్నదో ఆమె ఎన్నడూ వెతకలేదు.

ఈ వానాకాలం ముందు పాస్టరు శాంతి కుమార్ మాట కదిపాడు. "అక్కా, నాట్లచ్చినప్పుడల్లా ఆపుడెందుకు? కీబోర్డు తెచ్చుకుందం. మా బిడ్డ నిఖిత నేర్సుకుంటున్నది. నువ్వు ఇగ ఆరాం జెయ్యి."

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కీబోర్డు ఒకసారి వస్తే తన గిటారు గోడకే వేలాడుతుందని శారమ్మకు తెలుసు.

"నాట్లు మొదలైనంక తొలి ఆదివారం దాక ఆగుండ్రి పాస్టరయ్య" అన్నది.

మరునాడు గిటారు తీసుకుని, నిజామాబాదు కంఠేశ్వర్‌లో వాద్యాలు బాగుచేసే విజయ్ పాల్ దగ్గరికి పోయింది. అతడు ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశాడు.

"గిది గిటారా అక్క, విల్లా? మెడ ఎట్ల వంగిందో సూడు. తీగలు పైకి లేసినయ్. గంత దూరం నొక్కాలంటె వేళ్లు నొయ్యవా?"

"తీగలు లావున్నయని నొస్తున్నదనుకున్న తమ్మి."

"లావు కొంత. లావు తీగలనే ఇంకింత బిగిస్తిరి. గా గుంజుడుకే మెడ వంగింది. కేపో వెట్టుకుంటె అయిపోవు గద."

"రానోళ్లు వెడ్తరన్నడు మా బాపు."

"మీ బాపు కండ్లద్దాలు వెట్టుకుంటుండెనా?"

"వెట్టుకుంటుండె."

"మరి గవి సూసుడు రానోళ్లకే గద."

శారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

విజయ్ పాల్ మెడలోపలి ఇనుప కడ్డీని బిగించి వంపు తగ్గించాడు. తీగలు ఆనే తెల్ల పలకను అడుగున అరగదీశాడు. బాగా సన్నని తీగలు కట్టాడు. శారమ్మ అలవాటు కొద్దీ వాయించగానే అవి మెడ మీది మెట్లకు తగిలి బుర్రుమన్నాయి.

"జర మెల్లగ గొట్టు అక్క."

"గుంపుల వాయించిన శెయ్యి. గిట్లనే వస్తది."

అతడు కాసేపు ఆమె కుడిచేతినే గమనించాడు. సన్నవి విప్పి, వాటికన్నా కొంచెం లావువి కట్టాడు. పాతవాటికన్నా ఇవి సన్నమే. పలక కింద పలుచని చెక్కపేడు పెట్టి తీగలను వెంట్రుకవాసి లేపాడు. మామూలు శ్రుతి చేసి, కేపో తొడిగాడు. ఎడమచేతికి తేలిక కావాలి, కుడిచేతికి చోటు కావాలి. రెండూ పూర్తిగా దొరకవు.

నాట్లు మొదలైన తొలి ఆదివారం శారమ్మ వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. అయినా వాయించింది. కీర్తన నడుమ చూపుడువేలు మండింది, తెగలేదు. హనోకు నాటి నిండు నాదం మాత్రం పోయింది. ఆ సంగతి అందరికన్నా ముందు ఆమెకే తెలిసింది.

ముందు వరుసలోని రజిని ముందుకు వంగి, "సప్పుడు ఇనవడ్తలేదు అక్క" అంది.

"నువ్వు జర మెల్లగ పాడు, ఇనవడ్తది."

రెండో కీర్తనకు ఆడవాళ్లు నవ్వుకుంటూనే గొంతులు తగ్గించారు.

ఆరాధన ముగిశాక శాంతి కుమార్ ఆమె వేళ్లు చూపమన్నాడు. ఎర్రబడ్డాయి, నెత్తురు లేదు.

"మరి వచ్చే ఆదివారం?" అన్నాడు.

"ఏ పాటలు పాడ్తమో ముందుగాల చెప్పుండ్రి" అన్నది శారమ్మ, గిటారును సంచిలో పెట్టుకుంటూ.