ఎగిరే విస్తళ్ళు కుట్టిన మా మేనత్త

మా మేనత్త పోయింది. మా ఊరినుంచి ధాన్యం తెచ్చే పడవవాడు కబురు మోసుకొచ్చి, "పెద్దమ్మగారు ఎల్లిపోయారండి" అన్నాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆమె కోసం మొదట తలగుడ్డ తీసింది అతనే. తరవాత రాజమహేంద్రవరంలో నాకు తెలిసిన పెద్దమనుషులు పరామర్శకు వచ్చారు. "చిన్నప్పుడే భర్త పోయిన మనిషి. ఇన్నాళ్ళకు విముక్తి కలిగింది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. చావుకబురు విన్న ఇంట వాదం పెట్టుకోకూడదంటారు, పెట్టుకున్నాను. విముక్తి కోసం చావుదాకా ఆగిన మనిషి కాదు మా మేనత్త. వాళ్ళకు చెప్పింది మీకూ చెబుతాను, వినండి.

ఆమె మా నాన్నగారి చెల్లెలు. రావులపాలేనికి దిగువన కాలవ ఒడ్డునే మా ఊరు. పెళ్ళంటే ఏమిటో తెలియకముందే ఆమెకు పెళ్ళయింది. మొగుడంటే ఎవరో తెలియకముందే ఆ మొగుడు పోయాడు. తల గొరిగించి, తెల్లబట్ట కట్టబెట్టి, వెనక వసారాలో కూర్చోబెట్టి విస్తళ్ళు కుట్టమన్నారు. ఇలాంటివాళ్ళకు మన ఊళ్ళు ఇచ్చే ఉద్యోగం ఇదే కదా! పెళ్ళిపందిట్లోకి ఆమె రాకూడదు. ఆ పెళ్ళిలో ఊరంతా తినే విస్తరి మాత్రం ఆమే కుట్టాలి. ఇందులో న్యాయమేమిటని మా శాస్త్రులవారిని అడిగితే, "ఆచారం నాయనా" అన్నారు. జవాబు లేని ప్రతిచోటా మనవాళ్ళు ఆ మాట పెట్టి మూసేస్తారు.

ఒకనాడు కుట్టు తప్పింది. బాదం ఆకు మీద మరో ఆకు పడి, విస్తరికి ఒక అంచు మందమైంది. అలాంటిదాన్ని పంక్తిలో వేస్తే పులుసంతా ఒక పక్కకు కారుతుంది. విప్పి కుట్టే ఓపిక లేక పెరట్లోకి విసిరేసింది. అది పడలేదు. మందపు అంచు ముందు పెట్టుకుని, నూతిచప్టా మీదుగా సాగి, గొడ్లసావిడి దాటి, గడ్డివాము మీద వాలింది. "ఎవరో చేత్తో పట్టుకెళ్ళి పెట్టినట్టు వాలిందిరా అబ్బాయీ!" అని చెప్పేది నాతో. పరుగున వెళ్ళి తెచ్చి మళ్ళీ వదిలింది. మళ్ళీ వెళ్ళింది. ఆవేళ మా ఇంట్లో భోజనాలు బాగా పొద్దెక్కాకగాని కాలేదట.

అక్కణ్ణుంచి ఆమె ఆగలేదు. ఆకు పోయి పల్చటి కాగితం వచ్చింది. కొబ్బరి ఈనెలతో ఎముకలు కట్టి, తుమ్మబంకతో అతికించి, ముక్కున చిటికెడు బంకమట్టి పెట్టేది. రెక్క వంపు తిరగాల్సినచోట ఈనెను తడిపి, రుబ్బురోటి పొత్రం కింద పెట్టి ఆరనిచ్చేది. ఆకారం పిట్టదయింది గాని పేరు మారలేదు. "ఏం చేస్తున్నావే?" అని మా నాన్నగారు వీధిలోంచి కేకేస్తే, "విస్తరి కుడుతున్నా అన్నయ్యా" అనేది. అబద్ధమేముంది? దానికి రెక్కలున్నాయి, అంతే.

పెరడు చుట్టూ కొబ్బరిచెట్లు ఎదిగి గాలిని చిందరవందర చేస్తుంటే, తెల్లవారుతూనే కాలవగట్టు మీదికి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ గాలి చేలమీదుగా తిన్నగా వస్తుంది. కొంగునుంచి ఒక పోగు లాగి, వేళ్ళ మధ్య పట్టుకుని, అది ఎటు ఊగుతుందో చూసేది. నచ్చకపోతే ఇంటికి వచ్చేసేది. నాకూ నేర్పింది. "విసరకు, వదులు. విసిరితే నీ కోపం వెళ్తుంది, వదిలితే అది వెళ్తుంది" అనేది. నా రాతలు చదివించుకుని విన్నాక కూడా ఇదే మాట అంది. ముక్కున మట్టి ఎందుకత్తా అంటే, "బరువు లేనిది ఎగరదురా, కొట్టుకుపోతుంది" అంది.

ఒకసారి కాలవలో పోతున్న పడవవాడు వింతగా చూసి, "గాలిపటానికి తాడేదమ్మగారూ?" అని అడిగాడు. ఎదురుగా ఉన్నావిడ పుస్తెలతాడు తెగిన మనిషన్న సంగతి అడిగాకగాని గుర్తురాలేదు పాపం, నాలిక్కరుచుకున్నాడు. మా అత్త నవ్వింది. "దానికీ లేదు, నాకూ లేదు నాయనా. ఇద్దరం బాగానే ఉన్నాం, నువ్వు పడవ చూసుకో." తలగుడ్డ తీసి దణ్ణం పెట్టి వెళ్ళాడు. నాకు కబురు తెచ్చింది ఆ పడవవాడే.

ఇక పెళ్ళిపడవ సంగతి. మా ఊళ్ళో పెళ్ళి జరిగిన మర్నాడు మగపెళ్ళివారు పెళ్ళికూతురితో మేళంతో కాలవలో బయల్దేరారు. గట్టుమీద మా అత్త వదిలిన విస్తరి గాలి తిరగబడి, సరిగ్గా వెళ్ళి పెళ్ళికొడుకు తల్లి ఒళ్ళో వాలింది. సన్నాయి టక్కున ఆగింది.

"ఎవరిదే ఇది?" అంది ఆ తల్లి.

"ఇంకెవరిదండి, అదిగో, గట్టుమీద ఆ తెల్లగుడ్డావిడది" అంది పెళ్ళికూతురికి తోడుగా వెళ్తున్న మా ఊరావిడ.

సాయంత్రానికి మా అరుగు నిండిపోయింది. ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఏమండీ, మీ చెల్లెలుగారికి గట్టుమీద పనేంటండి? కొత్తకోడలు ఎక్కిన పడవలో ఈవిడ చేతివస్తువు పడితే ఎంత అశుభం! మళ్ళీ గట్టెక్కిందంటే మీ ఇంట మంచినీళ్ళు ముట్టం. ఆపైన మీ ఇష్టం."

మా నాన్నగారు తలదించుకున్నారు. వెలి అంటే ఇంటిల్లిపాదికీ వెలి. గట్టు పోతే ఆమెకు ఇక గాలి లేదు. తలుపు వెనకనుంచి మా అత్త గొంతు వినిపించింది.

"బాబుగారూ, పడవలో పడింది విస్తరేనండి. నిన్న పెళ్ళిలో తమరు పప్పూ పులుసూ పోయించుకున్న విస్తరీ ఈ చేతులు కుట్టిందేనండి. నిన్న శుభంగా ఉన్న చెయ్యి రాత్రికి రాత్రే ఎలా చెడిందో సెలవియ్యండి."

వెనక ఎవరో నవ్వి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. ఊరిపెద్ద, "ఆడవాళ్ళతో వాదనేంటండి!" అని, తీర్పు మళ్ళీ చదివాడు.

"అలాగేనండి. నా చెయ్యి మంచిది కాదన్నారు కాబట్టి ఇకమీదట విస్తళ్ళు కూడా కుట్టను" అంది.

కుట్టలేదు. ఊళ్ళో ఆమెలాంటి మిగతా ఆడవాళ్ళూ, "మావీ ఆ చేతులే కదండీ" అని సూదిపుల్లలు పక్కన పెట్టారు. కొన్నాళ్ళు ఊరు అరిటాకులతో నెట్టుకొచ్చింది. ఆ కార్తీకంలో గాలివాన వచ్చి అరటితోటల్ని చీల్చి పెట్టింది. చిరగని ఆకు ఒక్కటి లేదు. మాఘంలో ఊరిపెద్దగారింట పెళ్ళి. అప్పుడు ఆయన భార్య మా పెరటిదారిన వచ్చింది.

"వదినా, విస్తళ్ళు కావాలే."

"నా చెయ్యి అశుభం కదా తల్లీ."

"మా ఆయన మాట మా ఆయన్నే దాచుకోనీ. నువ్వు గట్టుమీదికెళ్ళు. ఎవడన్నా నోరెత్తాడా, పంక్తిలో వాడికి అన్నం నేలమీదే వడ్డిస్తా!"

మర్నాడు మా అత్త గట్టెక్కింది. నోరెత్తినవాడు లేడు. ఆ తీర్పును మాత్రం ఈనాటిదాకా ఎవరూ రద్దు చేయలేదు. మా ఊళ్ళో అది ఇంకా అమల్లోనే ఉందనుకుంటాను.

మా సంస్కర్తల సంగతీ చెప్పకపోతే అన్యాయం. "ఈ ఆటవల్ల సంఘానికి ఉపయోగమేమిటోయ్? ఆ కాలంలో నాలుగక్షరాలు నేర్చుకోవచ్చు కదా" అన్నాడొక మిత్రుడు. నాకు ఒళ్ళు మండింది. మగవాడు పొద్దస్తమానం పేకాడితే కాలక్షేపం. ఆమె పొద్దున కాసేపు గట్టుమీద నిలబడితే ఉపయోగం రుజువు చేయాలా? పడమటి దేశాల్లో మనుషులే యంత్రాలెక్కి ఎగురుతున్నారని పత్రికలు రాస్తున్నాయి. వాటిలో పడ్డ ఒకాయన బొమ్మ చూపిస్తే మా అత్త చాలాసేపు చూసి, "ఈయన్ని ఇంట్లోవాళ్ళు ఏమీ అనరుట్రా?" అని అడిగింది. మా అత్త కూడా ఏదో కనిపెట్టి ఉండేదని నేను చెప్పను. ఆమె ఏమీ కనిపెట్టలేదు. చేతిలోంచి వెళ్ళినది గాలిలో నిలబడడం చూడడమంటే ఆమెకు ఇష్టం. ఆ ఇష్టాన్ని ముసలితనందాకా, ఎవరి అనుమతీ అడక్కుండా, ఎవరిమీదా కక్ష పెట్టుకోకుండా నిలబెట్టుకుంది. అన్నాళ్ళు ఒక్క ఇష్టాన్ని నిలబెట్టుకున్నవాళ్ళు మన సభల్లో ఎందరున్నారో మీరే లెక్క చూసుకోండి.

నేను ఆమెను ఆఖరిసారి చూసింది పోయిన చలికాలంలో. చూపు దాదాపు పోయింది. చెయ్యి పట్టుకుని గట్టెక్కించాను. పోగు లాగి, కళ్ళతో కాక వేళ్ళతోనే గాలి చూసుకుని, వదిలింది. విస్తరి చేలమీదికి వెళ్ళి, అక్కడ వెచ్చటి గాలి తగిలి కాస్త లేచింది. ధాన్యపు పడవ ఒకటి వస్తోంది. బస్తాల మీది జనం మాటలు ఆపి, మెడలెత్తి, అందరూ ఒకేవైపు మెల్లగా తలలు తిప్పుతున్నారు.

"దిగిందా?"

"లేదత్తా."

"ఇంకానా!"

ఆమెకు చేలూ కనబడవు, విస్తరీ కనబడదు. పడవలో ఎవరూ మాట్లాడడంలేదన్నది మాత్రం వినబడుతోంది. వేళ్ళు విప్పిన చెయ్యి అలాగే పైకెత్తి ఉంచి, ఆ నిశ్శబ్దం వైపు మొహం తిప్పి, నోరు కొంచెం తెరిచి వింటూ నిలబడింది.