ఇదలీనా మొహం మీద దుప్పటి

పొద్దున్నే కిటికీ తలుపులు తెరిచి, తడి దుప్పటి ఒకసారి ఝాడించి, కింద గోడ మీదున్న ఇదలీనా మొహం నుదుటి నుంచి గడ్డం దాకా మూసుకుపోయేలా ఆరేస్తేగానీ ఫెలిస్మీనాకు కాఫీ గొంతు దిగేది కాదు. రెండేళ్ళుగా ఇదే వరస. దుప్పటి మాసిందా లేదా అన్న విచారణ లేదు. చినుకులు పడుతున్నా ఆరేసేది. వానలో బట్టలారేసే మనిషిని ఏమనాలో అల్ఫామా పేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఫెలిస్మీనా ఎదుట అనేంత ధైర్యం లిస్బన్ నగరం మొత్తంలో ఎవరికీ లేదు, ఒక్క ఇదలీనాకు తప్ప.

ఇదలీనా అంటే ఎదురింటావిడే. మా మెట్లసందు ఎంత ఇరుకంటే, ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి ఉప్పు డబ్బా చేతికందించుకోవచ్చు. ఇద్దరూ ఇక్కడే పుట్టారు, ఇక్కడే పెళ్ళాడారు, ఇక్కడి నుంచే మొగుళ్ళను సాగనంపారు. ఇద్దరూ గుమ్మం ముందు చిన్న బల్ల వేసుకుని, పుల్లచెర్రీలు ఊరబెట్టి తీసిన జింజీన్య సారా చిట్టి గ్లాసుల్లో పోసి అమ్ముతారు. కొనేవాళ్ళంతా పైన కోట చూసి దిగేవాళ్ళూ, కింద పెద్ద చర్చి చూసి ఎక్కేవాళ్ళూ. ఆయాసపడుతూ మా మెట్ల మీద ఆగుతారు, ఆరేసిన మా లంగాలకు ఫోటోలు తీసుకుంటారు, గొంతు తడుపుకుని పోతారు. పోనీ, ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

ఇక ఆ మొహం గోడెక్కిన సంగతి. రెండేళ్ళ కిందట పేట ఆఫీసువాళ్ళు ఫోటోలు తీసే అమ్మాయినొకదాన్ని పిలిపించారు. సందుకొక పాతకాపును ఎంచి, ఫోటో తీసి, పెద్ద రేకు పలక మీద అచ్చు వేయించి, అదే సందులో గోడకు బిగిస్తారట. కబురు అందరికంటే ముందు తెలిసింది ఫెలిస్మీనాకే. తెలిసిన మనిషి ఇంటిపట్టున ఉండొచ్చు కదా? లేదు. "గోడకెక్కే మొహం, జుట్టు ఇలా పీచులా ఉంటే ఎట్లా?" అనుకుని గ్రసియేత్ పార్లరుకు పరుగెత్తింది. రోలర్లు చుట్టించుకుని, వేడిగాలి టోపీ కింద కూర్చుని, ఆ వెచ్చదనానికి హాయిగా కునుకు తీసింది.

ఈలోగా ఆ అమ్మాయి చెప్పిన వేళ కంటే ముందే మెట్లెక్కి వచ్చింది. ఇదలీనా మాసిన ఏప్రన్‌తో, దువ్వని తలతో, నోట్లో రెండు బట్టల క్లిప్పులు కరుచుకుని మేజోళ్ళు ఆరేస్తోంది. "అమ్మా, అలాగే ఉండండి, కదలకండి" అంది అమ్మాయి. అంతే, అయిపోయింది. క్యాలీఫ్లవర్‌లాంటి జుట్టుతో ఫెలిస్మీనా తిరిగి వచ్చేసరికి కెమెరా సంచిలోకి వెళ్ళిపోయింది. పోనీ అక్కడితో ఆగిందా? ఇదలీనా ఇంటి ముందు భాగమంతా పాత నీలం పింగాణీ పలకలు, వాటికి చిల్లులు పెట్టకూడదట. అంచేత ఎదురుగా ఉన్న సున్నం గోడకు బిగించారు. ఆ గోడ ఎవరింటిది? ఇంకెవరిది!

"నా గోడ మీద దాని మొహమా!" అని ఆ రోజు ఫెలిస్మీనా వేసిన కేక, కింద పసుపు ట్రాములో కూర్చున్నవాళ్ళకు కూడా వినిపించింది.

అప్పటి నుంచి మెట్లు దిగే ప్రతివాడూ ఫోటో చూడడం, వెనక్కి తిరగడం, గుమ్మంలో కూర్చున్న అసలు ఇదలీనాను చూసి గుండె మీద చెయ్యేసుకోవడం, ఆవిడ దగ్గరే గ్లాసు కొనుక్కోవడం. ఫెలిస్మీనా జింజీన్యలో దాల్చినచెక్క కూడా పడుతుంది, రుచిలో దానికీ దీనికీ పోలికే లేదు. అయితే ఏం? గోడ మీద లేని మనిషి సీసా వైపు ఎవడు చూస్తాడు? అలా పుట్టింది దుప్పటి.

"ఏమే ఫెలిస్మీనా! ఊపిరాడ్డంలేదే నాకు. ముక్కు వరకైనా తియ్యవే పుణ్యముంటుంది!" అని అరిచేది ఇదలీనా.

"దుప్పటి ఆరాలా వద్దా? నీ అందం చూస్తూ కూర్చుంటే నా పక్క ఎవరు వేస్తారు?"

"ఉతికి ఉతికి దోమతెర చేశావు కదే దాన్ని. అందులోంచి కూడా బాగానే కనిపిస్తున్నానని ఇందాక ఆ జర్మనీ ఆయన అన్నాడు."

"ఆహా, నోట్లో క్లిప్పుల అందం! పళ్ళు లేక పెట్టించుకుందేమో అనుకుంటున్నారు జనం."

"కుళ్ళు, కుళ్ళు! నీ చెర్రీలకు స్పిరిటెందుకే, నీ కడుపులో మంట చాలు, వాటంతటవే ఊరతాయి."

నిజం చెప్పాలంటే ఈ మంట ఆ ఫోటోతో పుట్టింది కాదు. పడుచువయసులో పేట ఊరేగింపులో కాగితప్పూల తోరణం పట్టుకుని ముందు వరసలో ఆడింది ఇదలీనా, వెనక వరసలో ఎవరి భుజాల చాటునో పడింది ఫెలిస్మీనా. మొగుడు ఒరాసియో, పాపం దేవుడి దగ్గరున్నాడు, ఒకరోజు భోజనం దగ్గర మాట జారి "ఇదలీనా వాళ్ళ ఆకుకూర సూపు ఇంకాస్త చిక్కగా ఉంటుంది సుమా" అన్నాడు. తర్వాత ఆ ఇంట్లో చలికాలమంతా సూపన్నది లేదు. ఇక సాంతు అంతోనియో పండుగకు అందరం కొనుక్కునే చిన్నాకు తులసి కుండీల సంగతి సరే సరి. ఫెలిస్మీనా కుండీ వారం తిరక్కుండా వాడిపోయేది, ఇదలీనాది ఎండాకాలం చివరిదాకా పచ్చగా కళకళలాడేది. ఆ తులసిని చేత్తో తడిమి చెయ్యి వాసన చూడాలేగానీ, ముక్కు పెట్టి పీల్చితే మొక్క చచ్చిపోతుందని మాకో నమ్మకం. ఒక ఏడాది ఎవరూ లేని సమయం చూసి, ఫెలిస్మీనా ఎదురు కిటికీలోకి వంగి, ఇదలీనా కుండీలో ముక్కు ముంచి గుండెల నిండా పీల్చింది. ఆ ఏడు మొక్క ఇంకా ఏపుగా పెరిగింది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

ఈ వసంతంలో ఇదలీనా అద్దెకుంటున్న ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు దాన్ని యాత్రికుల గదులు చేస్తారట. సార్డీన్ చేపలు కడుగుతూ, తలెత్తకుండా చెప్పింది ఇదలీనా.

"నేను వెళ్ళిపోతున్నానే. తేజు నది అవతల మా అక్క కూతురుందే, బరైరులో, వాళ్ళ బిల్డింగులో చిన్న గది దొరికింది."

అబద్ధమెందుకు, ఫెలిస్మీనాకు ముందు కలిగింది సంతోషమే. పీడ విరగడైందని గుండెలో గంట మోగినట్టయింది. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టి, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగింది.

"ఎన్నో అంతస్తే? ఈ మోకాళ్ళతో ఎలా ఎక్కుతావు?"

"ఆరో అంతస్తు. లిఫ్టుందిలే, మీట నొక్కితే చాలు."

లిఫ్టు! బతుకంతా మెట్లెక్కి మెట్లెక్కి మోకాళ్ళు అరగదీసుకున్న ఫెలిస్మీనాకు కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. ఇంట్లోంచి గెంటేసినా సరే, దీనికి లిఫ్టు తగులుతుందన్నమాట! ఆ రాత్రి ఆమె చేపలు ముట్టలేదు.

సామాను తీసుకెళ్ళే రోజు ఇద్దరు మనుషులు ఫ్రిజ్‌ను భుజాన వేసుకుని తిట్టుకుంటూ మెట్లు దిగారు. వెనకే ఇదలీనా. గోడ దగ్గర ఆగి, దుప్పటి కొస ఎత్తి, తన బొమ్మ బుగ్గ మీద తట్టి, "జాగ్రత్తమ్మా, ఈవిడతో కష్టం" అంది. కిటికీలోంచి ఫెలిస్మీనా "వెళ్ళు వెళ్ళు, పడవ పోతుంది" అంది. కౌగిలింతలూ లేవు, కన్నీళ్ళూ లేవు. మా సందంతా ఇదేం మనిషమ్మా అనుకున్నాం.

పండుగకు ముందు పేట ఆఫీసు నుంచి తెల్మా వచ్చింది. నెమ్మదైన పిల్ల.

"ఫెలిస్మీనా గారూ, సందులో ఉంటున్నవాళ్ళ ఫోటోలే ఉండాలని పద్ధతి. ఇదలీనా గారు వెళ్ళిపోయారు కదా, ఆ పలక తీసేస్తాం. ఆ చోటు మీది. శనివారం ఫోటో తీయడానికి ఆ అమ్మాయే వస్తోంది."

"మళ్ళీ చెప్పు" అంది ఫెలిస్మీనా. తెల్మా మళ్ళీ చెప్పింది.

ఈసారి పొరపాటుకు తావివ్వలేదు. శుక్రవారమే జుట్టు చుట్టించుకుని, రాత్రి దిండు మీద వాలకుండా కుర్చీలోనే నిద్రపోయింది. ముత్యాల కమ్మలు తీసింది, పెళ్ళిళ్ళకు మాత్రమే వేసుకునే నల్ల గౌను తీసింది. శనివారం పొద్దున గుమ్మంలో కుర్చీ వేసుకుని రాణిలా కూర్చుంది. పనివాడు నిచ్చెన వేసుకుని, ఇదలీనా పలకకు ఒక మూల మర ఊడదీశాడు. ఫోటోలమ్మాయి కెమెరా సర్దుకుని చెయ్యి చూపించింది.

"ఇటు కాదమ్మా, ఎదురు కిటికీ వైపు చూడండి. అక్కడ మీకిష్టమైనవాళ్ళు ఎవరో ఉన్నారనుకోండి."

ఫెలిస్మీనా చూసింది. ఆ కిటికీకి కొత్త తెల్లరంగు వేశారు. తులసి కుండీ ఉండే చోట ఎవడిదో బూటు ఆరుతోంది. పొట్టి లాగు వేసుకున్న ఒక కుర్రవాడు బయటకు తొంగి చూసి, తన ఫోనులోకి తను చూసుకుని, లోపలికెళ్ళిపోయాడు.

"కాస్త నవ్వండమ్మా" అంది అమ్మాయి.

నవ్వు రాలేదు. ఈ జుట్టు చూసి ఏడవాల్సిన మనిషి ఏదీ? ఈ కమ్మలు చూసి "ఓహో, పెళ్ళికూతురొచ్చింది" అని ఎత్తిపొడవాల్సిన నోరేదీ? రేపు తన మొహం గోడకెక్కితే కోట నుంచి దిగే జనమంతా చూస్తారు, నిజమే. వాళ్ళు చూస్తే ఎంత, చూడకపోతే ఎంత? చూడాల్సిన కళ్ళు నది అవతల ఆరో అంతస్తులో ఉన్నాయి.

"ఆపవయ్యా!" అని పనివాడి మీద గయ్యిమని లేచింది. "ఆ మర మళ్ళీ బిగించు. దాన్ని కదిపావంటే నిచ్చెన లాగేస్తాను."

తెల్మా బిత్తరపోయింది. "అదేంటమ్మా, ఇన్నాళ్ళూ మీరు ఏడ్చింది దీనికే కదా?"

"ఏడ్చాను. ఆ ఇదలీనా చూసి కుళ్ళుకోవాలని ఏడ్చాను. ఇప్పుడెవరు కుళ్ళుకోవాలి, నువ్వా? ఆ బూటా?" అని, కుర్చీ ఎత్తుకుని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. లోపల ఎంతసేపు ఏం చేసిందో మాకు తెలియదు. బయటకు వచ్చినప్పుడు కమ్మలు లేవు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు ఆదివారం. అలవాటు ప్రకారం దుప్పటి తీసుకుని కిటికీ దాకా వెళ్ళింది. ఇదలీనా అరుపు కోసం ఆగింది. సందులో ఎవరి పెట్టె చక్రాలో మెట్ల మీద టకటకమంటున్నాయి, అంతే. దుప్పటి అలాగే కిందికి తెచ్చి, గుమ్మంలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. పక్కన కాఫీ ముట్టకుండానే ఉంది. అప్పుడు ఫోను మోగింది.

"నేనేనే" అంది ఇదలీనా. "నా బొమ్మ తీసేస్తున్నామని తెల్మా ముందే చెప్పిందిలే. నీది పెట్టారటే మరి?"

గొంతు సన్నగా ఉంది. మామూలుగా అడిగినట్టే అడిగింది గానీ, ఆ మాట అడుగున సన్నగా మండుతున్నదేమిటో ఫెలిస్మీనా ఇట్టే పోల్చుకుంది. పోల్చుకోకేం, బతుకంతా తన కడుపులో మండింది అదేగా! ఈ గొంతు ఇలా వినాలనే ఇన్నేళ్ళు కాచుకుంది. "పెట్టారు" అని ఒక్క మాట అంటే చాలు.

"ఎక్కడే!" అంది విసుగ్గా. "మరలు తుప్పు పట్టాయట, ఊడి చావలేదు. జిడ్డులా నువ్వే పట్టుకున్నావు నా గోడని."

అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం, ఆ తర్వాత పాత గొంతు.

"జుట్టు దండగైందా అయితే?"

"నోర్ముయ్యి. లిఫ్టెలా ఉంది?"

"ఏం లిఫ్టో ఏమో, వచ్చిన దగ్గర్నుంచి పనిచెయ్యడం లేదు. ఎక్కి దిగి చస్తున్నా."

"అలాగే కావాలి" అంది ఫెలిస్మీనా. చాలా రోజుల తర్వాత కాఫీ గొంతులోకి హాయిగా దిగింది.

"సరే గానీ, ఇవాళ నా మీద దుప్పటి కప్పావా లేదా?"

ఎదురుగా ఇద్దరు ముసలి యాత్రికులు గోడ ముందు ఆగి, టోపీలు తీసి, నోట్లో క్లిప్పులు కరుచుకున్న ఇదలీనాను తదేకంగా చూస్తున్నారు.

"కప్పకుండా ఉంటానా?" అంది ఫెలిస్మీనా. "పొద్దున్నే కప్పా. నీ మొహం ఎవడి కంటా పడకుండా రెండు మడతలేసి మరీ కప్పా."

"కుళ్ళుమోతుదానా!" అని నవ్వి ఫోను పెట్టేసింది ఇదలీనా. ఫెలిస్మీనా ఒళ్ళోని దుప్పటిని పక్కకు జరిపి, ఆ ఇద్దరికీ చెరో గ్లాసు పోసింది.