రీలు కింద వెలుతురు

నా కుట్టుపెట్టెలో చెక్క దారపు రీలు ఒకటుంది. దాని అడుగున నల్లటి నూనె మరక. బందరు బస్టాండులో ఒకాయన దాన్ని కాసేపు ఇమ్మని అడిగితే, కొత్త రీలు, పాడవుతుందని మొదట ఇవ్వనన్నాను.

ఆయన ఒళ్లో రేడియోతో నడిచే బొమ్మ హెలికాప్టరు. పొద్దున గుడివాడలో ఎగరేస్తే ఒరిగి పడిందట. రెక్కల కింద ఇరుసు చుట్టూ ఉండే పళ్లెం వంకరగా ఉందట, అది సమంగా ఉందో లేదో చూడ్డానికి రీలు కావాలట.

"ఇలాగే ఎగరేస్తే ఈసారి పిల్లల మీద పడుద్దండీ," అన్నాడు.

"పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి," అన్నాను విసుగ్గా.

"ఆగరండీ. తుఫానప్పట్నించి మా దివిసీమలో హెలికాప్టరు చప్పుడు వింటే చాలు, పైనుంచి అన్నం పొట్లాలు పడేస్తారనుకుని చేతులు చాపుకుంటూ దాని కిందికొచ్చేస్తారు. ఆడుకునే హెలికాప్టరు కూడా ఉంటుందని చూపిద్దామని."

రీలు ఇచ్చేశాను.

రెక్కలు ఊడదీసిన ఇరుసుకి దాన్ని తొడిగి పళ్లెం మీదికి దించాడు. రీలు అడుగుకీ పళ్లేనికీ మధ్య ఒకపక్క సన్నగా వెలుతురు కనిపించింది. ఆయన ఎక్కాల్సిన అవనిగడ్డ బస్సు హారన్ కొడుతోంది. పళ్లేన్ని మోసే కడ్డీని కొంచెం కొంచెంగా తిప్పాడు. ఇద్దరం వంగి చూస్తుండగా వెలుతురు మూసుకుపోయింది.

రీలు నా చేతిలో పెట్టి పరిగెత్తాడు.

"పిల్లలు జాగ్రత్తండీ!" అని అరిచాను.

కదిలే బస్సు కిటికీలోంచి చెయ్యి చాపి, అరచేతిని బల్లపరుపుగా పట్టి చూపించాడు.