విన్నీ ఓల్డ్‌రాయిడ్ చెప్పిన 'ఎగ్జాక్ట్‌లీ'

మా ఊరి పోలీసు స్టేషన్లో వాంగ్మూలాలు టైపు చేసే విన్నీ ఓల్డ్‌రాయిడ్ ముందు కూర్చుని "ఎగ్జాక్ట్‌లీ నాలుగున్నరకండీ" అనేసి తప్పించుకుపోయిన మనిషి లేడు. ఆమె టైపు మిషన్ మీద నుంచి చేతులు తీసి, కళ్లజోడు పైనుంచి చూసి, "గడియారం చూశావా?" అని అడిగేది. చూడలేదంటే, "మరి నాలుగున్నర అని నీకెవరు చెప్పారు, నీ ఆకలా?" అనేది. ఇరవై ఆరేళ్లుగా ఇదే ప్రశ్న. సైకిళ్ల దొంగలూ, కుక్కకాటు బాధితులూ, చర్చి పాదిరిగారూ అందరూ ఆ కుర్చీలో కూర్చుని నీళ్లు నమిలినవాళ్లే.

అంతమంది మాటలు విని విని ఆమె తనకంటూ ఒక లెక్క కట్టుకుంది. 'ఎగ్జాక్ట్‌లీ' అనేవాడు గడియారం చూడనివాడు. చూసినవాడు అంకె చెప్పి ఊరుకుంటాడు. 'ప్రిసైస్‌లీ' బ్యాంకువాళ్లదీ లాయర్లదీ. అది తెలిసింది చెప్పడానికి కాదు, ఎదుటివాడి నోరు మూయించడానికి. 'షార్ప్' అనేది హుకుం. ఏడింటికి షార్ప్‌గా రమ్మని పనివాడికి చెబుతారు, చెప్పినవాడు మాత్రం ఏడుంబావుకి వస్తాడు. గురి తప్పలేదనే 'డెడ్ ఆన్' పందేలు కాసేవాళ్ల మాట, పక్కనే బీరు గ్లాసు ఉంటుంది. అన్నిటికంటే గడుసుది 'జస్ట్'. ఇప్పుడే అంటుంది, ఇంతే అంటుంది, సరిగ్గా అదే అంటుంది, వెంట్రుకవాసిలో తప్పింది అంటుంది. "నేను జస్ట్ ముట్టుకున్నానండీ" అన్నవాడు అవతలివాడి పళ్లు రాలగొట్టి వచ్చి ఉంటాడు. విన్నీ నమ్మేది 'అబౌట్' అనేవాళ్లను. అటూఇటూగా అని ఒప్పుకున్నవాడికి కాస్త సిగ్గుందని ఆమె ఉద్దేశం.

వాంగ్మూలం అయ్యాక సాక్షికి పైకి చదివి వినిపించడం ఆనవాయితీ. సాక్షి ఏదైనా మాట మార్చుకుంటే అది కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేయాలి. విన్నీ కాగితాల్లో ఎగ్జాక్ట్‌లీలు కొట్టేసిన గీతలే కనబడేవి.

"మీకు పెళ్లెందుకు కాలేదో నాకు తెలుసు మిస్ ఓల్డ్‌రాయిడ్," అనేవాడు సార్జెంట్ గాంట్. "ఎవడో పాపం ఎగ్జాక్ట్‌లీ ప్రాణమంత ప్రేమ ఉందని అనుంటాడు. కొలబద్ద తెచ్చావా అని అడిగుంటారు."

"అబౌట్ అంత అని ఉంటే చేసుకునేదాన్నే," అనేది ఆమె, మిషన్లోకి కాగితం ఎక్కిస్తూ.

ఆమెకున్న ఒకే ఒక్క స్నేహితురాలు బెరిల్ హెప్‌వర్త్. ఇద్దరూ ఒకే వీధిలో గౌన్లు మట్టి చేసుకుని పెరిగారు. బెరిల్ మొగుడు పోయాక పద్నాలుగో నంబరు బస్సులో కండక్టరుగా చేరింది. శుక్రవారం సాయంత్రం చేపముక్కలు, వేయించిన బంగాళదుంపలు పొట్లం కట్టించుకుని విన్నీ ఇంటికి వచ్చేది. బెరిల్ మాట్లాడేది, విన్నీ వినేది. బెరిల్ మాటల్ని మాత్రం ఆమె ఎప్పుడూ సరిదిద్దలేదు.

నవంబరులో ఒక మంగళవారం, పని ముగించుకుని విన్నీ, బెరిల్ డ్యూటీలో ఉన్న ఆ బస్సులోనే ఇంటికి వస్తోంది. దిగే మెట్టు పక్కన పొడుగాటి సీటులో కూర్చుని స్వెట్టరు చేయి అల్లుతోంది. మార్కెట్ దగ్గర ఇల్లింగ్‌వర్త్ అనే ముసలాయన దిగుతున్నాడు. గంట రెండుసార్లు మోగింది. బస్సు కదిలింది. కేక వినబడింది. విన్నీ తలెత్తేసరికి ముసలాయన రోడ్డు మీద ఉన్నాడు, తుంటి ఎముక విరిగింది. గంటకీ కేకకీ మధ్య ఆమె చూసింది నలభై మూడో కుట్టు, నలభై నాలుగో కుట్టు.

కండక్టరు గంట రెండుసార్లు కొడితే డ్రైవరు బండి తీస్తాడు. మెట్టు మీద మనిషి ఉండగా కొడితే ఆ కండక్టరు ఉద్యోగం ఊడినట్టే. పోలీసులు తీసుకున్న వాంగ్మూలాలు చూసి కంపెనీ తేలుస్తుంది. విన్నీ పక్కన కూర్చున్న బ్యాంకు మేనేజరు క్రౌథర్ అప్పటికే చెప్పేశాడు: గంట మోగినప్పుడు ముసలాయన ఎడమకాలు ప్రిసైస్‌లీ మెట్టు మీదే ఉందట. ముసలాయన్ని ఆస్పత్రిలో అడిగితే, "జస్ట్ దిగుతున్నానయ్యా, అంతే తెలుసు," అన్నాడు. మిగిలింది విన్నీ.

వాంగ్మూలానికి ముందురోజు బెరిల్ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "నువ్వక్కడే ఉన్నావుగా విన్నీ. చూసింది చెప్పు. అంతకంటే ఏమీ అడగనే," అంది. టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

మర్నాడు విన్నీ మొదటిసారి సాక్షి కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి అని ఇరవై ఆరేళ్లకు తెలిసింది. సార్జెంట్ గాంట్ కలం తీశాడు.

"ఆయన రెండు కాళ్లూ రోడ్డు మీద పెట్టాడు," అంది విన్నీ. "ఎగ్జాక్ట్‌లీ ఆ తర్వాతే గంట మోగింది."

అనేసి ఆ ప్రశ్న కోసం ఎదురుచూసింది. అప్పుడు మీరెటు చూస్తున్నారు అని అడిగితే చాలు, అల్లిక అని చెప్పేస్తుంది. చెప్పకుండా ఉండలేనని ఆమెకు తెలుసు. గాంట్ రాసుకుంటూ పోయాడు.

"చదివి వినిపించరా?" అంది.

"మీకా? నవ్వించకండి. మీ నోట ఎగ్జాక్ట్‌లీ వచ్చాక ఇక అడిగేదేముంది? ఇక్కడ సంతకం పెట్టండి."

ఆమె పెట్టింది. అక్షరాలు ఎప్పటిలాగే తిన్నగా వచ్చాయి. అలా వచ్చినందుకే ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

కంపెనీ విచారణ పావుగంటలో ముగిసింది. క్రౌథర్ గారి ఎడమకాలు నిలవలేదు. మిస్ ఓల్డ్‌రాయిడ్ అలా అన్నారంటే తానే పొరబడి ఉంటానని ఆయనే ఉత్తరం రాశాడు. ముసలాయన దిగాక తన అజాగ్రత్త వల్లే పడ్డాడని తేల్చారు. ఆ సంగతి మంచం పక్కన చదివి వినిపిస్తే ఇల్లింగ్‌వర్త్, "స్టేషనమ్మ చూసిందా? అయితే అలాగే అయ్యుంటుంది," అన్నాడట. గాంట్ అది గొప్పగా వచ్చి చెప్పాడు.

శుక్రవారం బెరిల్ యూనిఫారంలోనే వచ్చింది. చేపముక్క మీద వెనిగరు పోసుకుని, తినకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

"నీకో మాట చెప్పనా విన్నీ? గంట కొట్టేముందు మెట్టు వైపు చూశానో లేదో నాకే తెలీదే. ఆ రోజు నా బుర్ర ఎక్కడుందో! పది రోజులు కన్ను మూతపడలేదు. ఉద్యోగం పోతే మిల్లులో చేరేదాన్ని, దానికేం. ముసలాయన కాలు నేనే విరగ్గొట్టానేమో అన్నదే నన్ను తినేసింది."

విన్నీ ఉప్పు డబ్బా ఆమె వైపు జరిపింది.

"నువ్వు చూశావు కాబట్టి బతికిపోయాను. వేరే ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. చూశావు కదే?"

విన్నీ చేతిలోని ముక్కను తిరిగి పొట్లంలో పెట్టేసింది. ఉద్యోగం కాపాడానని అనుకుంది. కాపాడవలసింది అది కాదని ఇప్పుడు తెలిసింది. నిజం చెబితే ఎదుట ఉన్న ఈ ముఖం ఏమవుతుందో కూడా తెలిసింది.

"చూశాను," అంది.

బెరిల్ కళ్లు తుడుచుకుని, ఆకలిగా ముక్క విరిచింది.

"ఆదివారం ఆస్పత్రికెళ్లి పలకరించొద్దాం. ఇప్పుడైతే ఆయన మొహం చూడగలను. నువ్వూ రావే."