లైను అంటే గీత ఒక్కటేనా?

మా పాప ఇంగ్లీషు పరీక్ష పేపర్లో వాళ్ళ మేడమ్ ఎర్ర ఇంకుతో కొట్టేసింది చూసినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండతా ఉండాది. 'లైన్' అంటే ఏమని అడిగితే 'కరెంటు తీగ' అని రాసింది. తప్పంట! 'గీత' ఒక్కటే కరెక్టంట.

కార్వేటినగరంలో నాతో చదువుకున్నోళ్ళారా, మా నాయన లైన్‌మన్ అని మీకు గుర్తుండాదా? గుమ్మం పక్కన మేకుకు ఆయన రబ్బరు గ్లౌజులు వేలాడేవి. ఇల్లంతా ఆ వాసనే. సబ్‌స్టేషన్లో కరెంటు ఆపించి, 'లైన్ క్లియర్' చీటీ జేబులో పెట్టుకుంటేగానీ ఆయన స్తంభం ఎక్కేవాడు కాదు. ఆ చీటీ తిరిగిచ్చేదాకా ఎవరూ కరెంటు ఇయ్యకూడదు. ఒకరోజు నాయన ఇంకా పైన ఉండంగానే ఇచ్చేసినారు. ఆయన కుడిచెయ్యి కాలిపోయింది. అప్పటి నుంచి ఆయన పోయేదాకా అమ్మే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

నిన్న డిక్షనరీ తీసి చూసినాను. లైన్ అనే మాట పుట్టిందే అవిసె నార దారం నుంచంట. దారమే తాడయింది, గీతయింది, మనుషుల వరసయింది, కడాకు కరెంటు తీగయింది.

ఈ పొద్దు స్కూలుకు పోయి ఇదంతా చెప్పినాను. మేడమ్ తల కూడా ఎత్తలేదు.

"గైడులో ఆ అర్థం లేదు సార్. మార్కు ఇయ్యలేను" అనింది.

ఆమె నెత్తిన ఫ్యాను గిరగిరా తిరగతా ఉండాది. ఆ గాలి యాడి నుంచి వస్తా ఉందో మీ గైడులో రాసినారా మేడమ్?