కత్తి పట్టని రెండు రోజులు

మా సర్జన్ గారు పోయారని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. స్టవ్ మీద పాలు పొంగుతున్నా కదల్లేకపోయాను. సత్తెనపల్లిలో ఆయన నర్సింగ్ హోమ్‌లో పదకొండేళ్ళు నర్సుగా పనిచేశాను. ఆయన ఆపరేషన్లు ఎన్ని చూశానో లెక్కలేదు. తలచుకోగానే గుర్తొచ్చేది మాత్రం ఆయన చెయ్యని ఆపరేషన్.

రోగి పొట్ట మీద చెయ్యి వేసే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకునేవారు. "చల్లటి చెయ్యి తగిలితే పొట్ట బిగుసుకుంటుందమ్మా. బిగుసుకున్న పొట్ట నిజం చెప్పదు" అనేవారు.

తొంభైల చివర్లో, మిరపకోతల కాలంలో, మస్తాన్‌బీ అనే అమ్మాయిని ఆటోలో తెచ్చారు. భర్తది చీమకుర్తి క్వారీలో పని. అక్కడే ఆమెకు మలేరియా సోకింది. పుట్టింటికొచ్చి మాత్రలు మింగుతుండగా అయిదో రోజు ఎడమ డొక్కలో పోటు మొదలై భుజం దాకా పాకింది. మనిషి పాలిపోయింది.

ఆయన వెచ్చబెట్టుకున్న చేత్తో అలా తాకి, వెంటనే తీసేశారు. "ఎవరూ పొట్ట నొక్కొద్దు" అన్నారు. జ్వరానికి ఉబ్బిన ప్లీహం, ఊళ్ళల్లో బల్ల అంటారే అది, చిట్లి లోపల రక్తం కారుతోందని స్కానింగ్‌లో తేలింది.

నేను థియేటర్ సిద్ధం చేశాను. గుంటూరు నుంచి రక్తం తెప్పించాం. ఆయన మాత్రం మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

భర్త ఆగలేకపోయాడు. "ఏందండీ ఇది? లోపల రక్తం కారతంటే చూస్తా కూర్చుంటారా? కొయ్యండి సార్!"

"నాడి బాగుంది, బీపీ నిలబడింది. కోస్తే ప్లీహం తీసెయ్యాల్సిందే. అది లేకపోతే రేపు పెద్ద జ్వరమేదన్నా వస్తే తట్టుకోవడం కష్టమయ్యా. మీరుండేదేమో దోమల్లో. ఇలా నిలబడినంతసేపు కొయ్యను. తప్పిందా, క్షణం ఆగను."

మలేరియా మందు డ్రిప్పులో ఎక్కుతోంది. పావుగంటకోసారి నాడి, బీపీ రాయడం నా పని. మర్నాడు మధ్యాహ్నం నాడి నూట ఇరవై దాటింది. బీపీ జారింది. "రక్తం ఎక్కించమ్మా. దానికీ నాడి దిగకపోతే కోసేద్దాం" అని ఆయన వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని, తడి చేతులు పైకెత్తి గుమ్మంలో నిలబడ్డారు. నేను నాడి అంకెలు చెబుతున్నాను. నూట పద్దెనిమిది. నూట పది. అరగంటకి తొంభై ఆరు. బీపీ కూడా పుంజుకుంది.

ఆయన చేతులు దించారు. "భయమేసిందమ్మా" అన్నారు.

అంత పెద్ద సర్జన్ నర్సుతో ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. అంత భయంలోనూ తొందరపడలేదే ఈ మనిషి అనుకున్నాను.

రెండు వారాలకి ఇంటికి పంపుతూ, "మూడు నెలలు బిందె ఎత్తకూడదు, మిరప బస్తా ముట్టకూడదు. నీళ్ళు మీ ఆయన మోస్తాడు" అన్నారు.

"బావినే మోసుకొస్తానండీ" అన్నాడు భర్త.

గేటు దాకా నడిచే వెళ్తానంది మస్తాన్‌బీ. ఆయన చెప్పుల్లేకుండానే ఆమె వెనక నడిచారు, తప్పటడుగుల పిల్ల వెనక తాతలా, తాకకుండా చేతులు చాచి. అంతలో మిరపకాయల లారీ ఒకటి రోడ్డు మీద ఘాటు చిమ్ముకుంటూ పోయింది. ఆమెకు తుమ్మొచ్చింది. ఆయన ఎక్కడివారక్కడే ఆగిపోయారు. ఆమె డొక్క పట్టుకుని ఒక క్షణం నిలబడింది. ఏమీ కాలేదు. వెనక్కి తిరిగి నవ్వింది. చాచిన చేతులు అలాగే ఉంచి, మిరప ఘాటుకి కళ్ళు నీళ్ళు కారుతుంటే, ఆయనా నవ్వారు.