నేను ముందే చదివిన చీటీ

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డంపడి ఉంది. మోకరించి ప్రార్థన చేసేటప్పుడు కూడా దాన్ని తప్పించుకుంటూ మిగతా పాపాలన్నీ ఒప్పుకున్నాను. దేవునికి తెలియదనా? తెలుసు. మనుషులకు తెలియకూడదని దాచాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను ప్రొద్దుటూరులో ఇంగ్లీషు టీచర్ని. మా క్రైస్తవ సంఘం జమ్మలమడుగులో ఉంది. చిన్న మందిరం. తలుపు పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ప్రార్థన కోరేవాళ్లు పేరు లేకుండా చీటీ రాసి అందులో వేస్తారు. వాటిని విప్పి పాస్టరయ్యకు అందించడం నా పని. ఏ చీటీ ఎవరిదో ఊహించకూడదన్నది కట్టుబాటు.

ఒక ఆదివారం ఒక చీటీలో ఇలా ఉంది: "పెండ్లయిన మనిషి మీద మనసు పోయింది. విడుదల కోసం ప్రార్థన చేయండి." ఆ చేతిరాత నాకు తెలుసు. ఇంట్లో మిషను కుట్టుకునే సలోమిది. నా జాకెట్ల కొలతలు ఆ రాతలోనే ఉండేవి. ఆమె భర్త కువైట్‌లో ఉన్నాడు. నాకు ఆమె మీద ముందునుంచే అనుమానం. ఫోన్ వస్తే బయటికి వెళ్లి ఎందుకు మాట్లాడుతుంది? భర్తే ఫోన్ చేస్తున్నాడేమోనని నాకు తట్టలేదు. నేనే తట్టనివ్వలేదేమో.

ఆ చీటీ సలోమిదని పాస్టరయ్య చెవిలో వేశాను. ఆమె ఆత్మ గురించి భారంతో చెబుతున్నానన్నాను. భారమా? నా అనుమానం నిజమైందన్న తృప్తి కాదా? మరుసటి ఆదివారం ఆయన కళ్లు మూసుకుని, "దేవుడు నాకు చూపిస్తున్నాడు. మిషను కుట్టుకునే ఒక సహోదరి, భర్త దూరదేశంలో ఉండగా..." అన్నాడు. అంత చిన్న మందిరంలో ఇక పేరెందుకు? ఆడవాళ్ల వరుసల్లో తలలన్నీ సలోమి వైపు తిరిగాయి. నేనూ తిప్పాను, అప్పుడే తెలిసినట్టు.

ఆ నెల హైదరాబాదులోని సంఘపెద్దలకు ఇంగ్లీషులో ఉత్తరం రాసింది నేనే. "లో అండ్ బిహోల్డ్" అని మొదలుపెట్టి, ప్రభువు ఒక రహస్య పాపాన్ని బయలుపరిచాడని రాశాను. ఆ మాట గురించి తరగతిలో పిల్లలకు ఇలా చెబుతాను: ఎదురుచూడనిది కళ్లముందు ప్రత్యక్షమైతే ఈ మాట రాసి, వెంటనే ఏం కనబడిందో చెప్పాలి. ముందే తెలిసినదానికి వాడకూడదు. తలుపు తీసేదాకా లోపల ఏముందో తెలియనివాడు రాయవలసిన మాట ఇది. నా వాక్యంలో పెద్దలెవరికీ తప్పు కనబడలేదు. చదివినవాళ్లందరూ ఆశ్చర్యపోయారు. రాసిన నాకే ఆశ్చర్యం లేదు.

ఎవరో కువైట్‌కు ఫోన్ చేశారు. భర్త ఆమెతో మాట్లాడడం మానేశాడు. సలోమి మిషను తీసుకుని పులివెందులలోని చెల్లెలి ఇంటికి చేరింది.

రెండేళ్ల తర్వాత పులివెందుల బస్టాండులో తనే నన్ను పలకరించింది.

"ఏంది టీచరక్కా, చూసీ చూడనట్టు పోతాండావు?"

"లేదమ్మా, బస్సు..."

"బస్సు యాడికీ పోదులే, డ్రైవరు టీ తాగుతాండాడు. ఆ చీటీ నాది కాదక్కా. రాయలేనోళ్లు చెప్తే రాసిస్తాంటి. చెప్పినామె పేరు మాత్రం నా నోటెంట రాదు. అయ్యకు చూపించిన దేవుడు శానా గొప్పోడు. చేతిరాత గుర్తుపట్టినాడు, మాట ఎవురిదో కనుక్కోలేకపోయినాడు." నవ్వింది. తర్వాత నవ్వకుండా అడిగింది. "అయ్యకు ఎవురు చెప్పింటారంటావు?"

"నాకేం తెలుసమ్మా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "నీకెట్ల తెలుస్తాది లే," అంది.

నమ్మి అన్నదా, తెలిసే అన్నదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ప్రతి ఆదివారం ఆడవాళ్ల వరుసలు చూస్తాను. ఆ చీటీ రాయించుకున్నామె వీళ్లలో ఎవరు? సలోమి వైపు తలలు తిరిగినప్పుడు ఆమె కూడా నాలాగే తల తిప్పిందా? ఎవరైనా "దేవుడు చూపించాడు" అంటే, వాళ్ల చెవిలో ఎవరు వేశారా అని వెతుకుతాను. విశ్వాసం పోలేదు. కానీ ఆయన స్వరం వినడానికి కూర్చుంటే ముందు నా గొంతే వినబడుతుంది. అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను సండే స్కూలు పిల్లలకు నేర్పుతున్నదీ నేనే.

సలోమి దగ్గరికి వెళ్లి చెబుతానో లేదో మీకు మాట ఇవ్వలేను. క్షమించమనీ అడగను, అది మీ చేతిలో లేదు. బస్టాండులో ఆమె అడిగినదానికి జవాబు మాత్రం మొదటిసారి కాగితం మీద పెడుతున్నాను.

అయ్యకు చెప్పింది నేను.